కమిటీ కంటే ముందు మున్సిఫ్ కోర్టు

అమ్మా,

నీ మెయిల్ చదివి చాలా సంతోషించాను. లా కాలేజీలో టీచర్ ఉద్యోగం ఖాయమైంది, పీహెచ్‌డీ గొడవ తీరింది, ఇక న్యాయవ్యవస్థ సంస్కరణల మీద పనిచేయాలనుంది, ఏ కమిటీలో చేరితే బాగుంటుంది, ఎవరిని కలవాలి, దేని మీద పేపర్ రాస్తే పెద్దవాళ్ల కంట్లో పడతాను అని అడిగావు. ఉత్సాహం చూస్తే ముచ్చటేసింది గానీ ప్రశ్నల వరస మాత్రం తలకిందులుగా ఉంది. కమిటీ ఈ దారిలో చివర్లో వచ్చేది, రాకపోయినా పెద్ద నష్టం లేదు. మొదట రావాల్సింది మున్సిఫ్ కోర్టు, సివిల్ దావాలకి అన్నిటికంటే కింది మెట్టు. ఇప్పుడు బోర్డు మీద జూనియర్ సివిల్ జడ్జి కోర్టు అని ఉంటుంది, జనం నోట్లో మాత్రం ఇంకా మున్సిఫ్ కోర్టే, నేనూ అలాగే అంటాను.

మన లా కాలేజీల్లో చదువంతా పైనుంచి కిందికి సాగుతుంది. కేశవానంద భారతి కేసులో ఏ జడ్జి ఏమన్నాడో గడగడా చెప్పే పిల్లలకి సమన్లు ఎవరు పట్టుకెళ్తారో, ఇంట్లో మనిషి లేకపోతే దాని మీద ఏం రాసుకొస్తారో తెలియదు. పాఠం చెప్పేవాళ్లలోనూ చాలామందికి తెలియదు. దేశంలో పెండింగ్ కేసులు ఐదు కోట్లు దాటాయని ప్రతి సెమినార్లోనూ అంటాం. అందులో నూటికి ఎనభైకి పైనే జిల్లా, తాలూకా కోర్టుల్లో ఉన్నవి. అయినా మన పేపర్లలో నూటికి ఎనభై సుప్రీంకోర్టు మీదే ఉంటాయి కదా, ఆ లెక్క నీ లైబ్రరీలో నువ్వే చూసుకో.

అందుకని ముందు ఈ పని చెయ్. నీ కాలేజీకి దగ్గర్లో ఉన్న ఒక మున్సిఫ్ కోర్టు ఎంచుకో, ఒక్కటి చాలు. వారంలో నీకు క్లాసులు తక్కువున్న రోజున పొద్దున పదిన్నరకల్లా వెళ్లి వెనక బెంచీలో కూర్చో. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, కోర్టు అంటేనే బహిరంగంగా జరిగేది, సివిల్ ప్రొసీజర్ కోడ్ 153బి సెక్షన్ చెప్పేది అదే. కుటుంబ తగాదాలు, పిల్లల మీద నేరాల లాంటివి మూసిన తలుపుల వెనక జరుగుతాయి, వాటి జోలికి పోవద్దు. కాల్ వర్క్ మొదలవుతుంది, కేసు నంబర్ పిలుస్తారు, ఎవరో ఒకరు లేచి ఏదో అంటారు, వాయిదా పడుతుంది, తర్వాతి నంబర్. నీ పనల్లా ఆ వాయిదా ఎందుకు పడిందో రాసుకోవడం. సమన్లు తిరిగి రాలేదు, బత్తా (సమన్ల ఖర్చుకి కట్టే డబ్బు) కట్టలేదు, సాక్షి వచ్చాడు కానీ అవతలి వకీలు వేరే కోర్టులో ఉన్నాడు, వకీలు ఉన్నాడు కానీ సాక్షి రాలేదు, స్థలం చూసి రమ్మని కోర్టు పంపిన కమిషనర్ రిపోర్ట్ దాఖలు కాలేదు, ఐఏ (దావా మధ్యలో వేసే అర్జీ) మీద జవాబుగా కౌంటర్ వెయ్యలేదు, జడ్జిగారు సెలవు, జడ్జిగారికి ఇంకో కోర్టు కూడా ఇన్‌చార్జ్. ఇలా కొన్ని నెలలు రాశాక, 'లాయర్లు వాయిదాలు అడుగుతారు కాబట్టి ఆలస్యం' అని ఒక్క వాక్యంలో తేల్చేసే వ్యాసం నువ్వు జన్మలో రాయలేవు.

ఇదంతా ఇప్పుడు కంప్యూటర్లో ఉంది కదా సార్ అంటావని తెలుసు. నిజమే, 2015లో వచ్చిన నేషనల్ జుడిషియల్ డేటా గ్రిడ్ మా తరానికి లేని వరం. ఏ కోర్టులో ఎన్ని కేసులు, ఎన్నేళ్లవి, ఏ దశలో ఉన్నాయి అన్నది ఇంట్లో కూర్చుని చూడొచ్చు. మేము ఆ అంకెల కోసం హైకోర్టు రిజిస్ట్రీకి ఉత్తరాలు రాసి జవాబు కోసం ఎదురుచూసేవాళ్లం. కానీ గ్రిడ్‌లో 'సాక్ష్యం దశ' అని కనిపించే దావా వెనక అసలు కథ ప్రతి వాయిదాకీ ఏం జరిగిందో రాసే డాకెట్ షీట్లో ఉంటుంది, ఆ షీటు అర్థం కావాలంటే ఆ కోర్టు నడక తెలియాలి. ఉదాహరణకి యూనిట్ల సంగతి తీసుకో. కింది కోర్టు జడ్జీల పనిని హైకోర్టు యూనిట్లలో లెక్కిస్తుంది, ఫలానా రకం కేసు తేలిస్తే ఇన్ని యూనిట్లని ఉంటుంది, నెలకి ఇన్ని రావాలని ఉంటుంది. అప్పుడు జడ్జి స్థానంలో ఎవరున్నా త్వరగా తేలే కేసు వైపు మొగ్గడం సహజం, ఇరవై మంది సాక్షులున్న పాత పార్టిషన్ (ఆస్తి పంపకాల) దావా మూలన పడుతుంది. ఇది ఆ జడ్జి బద్ధకం వల్ల వచ్చింది కాదు, లెక్క కట్టే పద్ధతి వల్ల వచ్చింది, మారాల్సింది కూడా అదే. ఈ విషయం నీకు గ్రిడ్ చెప్పదు, నీతో కొంచెం చనువు ఏర్పడ్డాక ఏ బెంచ్ క్లర్కో, ట్రాన్స్‌ఫర్ అయి వెళ్లిపోతున్న జడ్జిగారో చెబుతారు.

బెంచ్ క్లర్క్ అంటే గుర్తొచ్చింది, కోర్టులో వాళ్లకున్నంత జ్ఞానం ఎవరికీ ఉండదు. వకీళ్ల గుమాస్తాలూ, సమన్లు పట్టుకెళ్లే అమీనాలూ అంతే. వాళ్లని ఇంటర్వ్యూ చేస్తున్నట్టు నోట్‌బుక్ పట్టుకుని కూర్చోకు, మామూలుగా మాట్లాడు, గౌరవంగా 'అండీ' అను, వాళ్ల పేర్లు ఎక్కడా రాయకు. ఒక అమీనా చేతిలో ఎన్ని మండలాల సమన్లు ఉన్నాయో, బస్సు లేని ఊరికి ఎలా వెళ్తాడో తెలుసుకుంటే, ప్రాసెస్ సర్వీస్ మీద పెద్ద రిపోర్టుల్లో లేని సంగతులు దొరుకుతాయి.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, మన దేశంలో సంస్కరణ పేరుతో తెచ్చిన చట్టం కోర్టు హాల్లోకి వచ్చేసరికి ఏమవుతుందో నేను ఒకటి మొదటినుంచి చివరిదాకా చూశాను. సివిల్ ప్రొసీజర్ కోడ్‌కి 1999లో పెద్ద సవరణ చేశారు. ప్రతివాది 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ (దావాకి తన జవాబు) వెయ్యాలి, మూడు వాయిదాలకి మించకూడదు, సెక్షన్ 89 కింద రాజీకి పంపాలి, చదువుతుంటే ఇక దావాలన్నీ పరిగెడతాయనిపించేది. దేశమంతా వకీళ్లు ఆందోళనకి దిగారు. మళ్లీ 2002లో ఇంకో సవరణ చేసి, గడువు 90 రోజుల దాకా పొడిగించే వీలు పెట్టి, ఆ జూలై 1 నుంచి రెండూ కలిపి అమలు చేశారు. తర్వాత ఏమైంది? 2005లో కైలాష్ వర్సెస్ నన్‌కూ కేసులో, సేలం బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ 90 రోజుల గడువు మార్గదర్శకమే, తప్పనిసరి కాదంది. అన్యాయం జరగకూడదన్న ఉద్దేశంతోనే అంది, ఆ తర్కాన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ మినహాయింపుగా ఇచ్చింది కింది కోర్టుల్లో మామూలైపోయింది. ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషన్, దానికి కౌంటర్, దాని మీద వాదనలు, అంటే ఆలస్యాన్ని ఆపడానికి పెట్టిన నిబంధనే ఇంకొన్ని వాయిదాలు పుట్టించింది. ఆఖరికి 2015 కమర్షియల్ కోర్టుల చట్టంలో 120 రోజులు దాటితే ఇక హక్కే పోతుందని కచ్చితంగా రాయాల్సొచ్చింది, 2019లో సుప్రీంకోర్టు దాన్ని కచ్చితమైన గడువుగానే నిలబెట్టింది, అదీ కమర్షియల్ వ్యాజ్యాలకే. మామూలు రైతు పొలం దావా ఉన్నచోటే ఉంది. నువ్వు రేపు ఏ ముసాయిదా రాసినా, ఈ సెక్షన్ మున్సిఫ్ కోర్టులో పన్నెండు గంటలకి, జాబితాలో ఇంకా అరవై కేసులు మిగిలి ఉన్నప్పుడు ఎలా నడుస్తుంది అని అడుగు. ఆ ప్రశ్న కమిటీలో అడిగేవాళ్లు చాలా తక్కువ, అడగాల్సింది టీచరే, ఎందుకంటే మిగతావాళ్లకి అక్కడ సొంత లెక్కలుంటాయి.

విషయం ఎంచుకోవడం గురించి. చిన్నవాళ్లంతా జడ్జీల్ని జడ్జీలే ఎంపిక చేసే కొలీజియం మీద రాస్తున్నారు. దాని స్థానంలో తెచ్చిన నియామకాల కమిషన్ ఎన్‌జేఏసీని 2015 అక్టోబర్లో సుప్రీంకోర్టు కొట్టేసినప్పటినుంచి ఆ తీర్పు మీద, జస్టిస్ చలమేశ్వర్ అసమ్మతి మీద వచ్చినన్ని వ్యాసాలు మరే సంస్కరణ మీదా రాలేదనిపిస్తుంది. ముఖ్యమైన విషయమే, కాదనను, కానీ అక్కడ నువ్వు కొత్తగా చేర్చేది చాలా తక్కువ. ఎవరూ రాయని చోటికి వెళ్లు. నన్నడిగితే ఎగ్జిక్యూషన్, అంటే గెలిచినవాళ్లు తమ డిక్రీని (కోర్టు ఇచ్చిన తీర్పుని) అమలు చేయించుకోవడం. డిక్రీ వచ్చాకే మన దేశంలో కక్షిదారు కష్టాలు మొదలవుతాయని అప్పట్లో మన ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1872లోనే అంది. సుప్రీంకోర్టు 2021లో ఈపీలు (ఎగ్జిక్యూషన్ పిటిషన్లు) ఆరు నెలల్లో తేల్చాలంది. 2025లో మళ్లీ అన్ని హైకోర్టుల నుంచీ లెక్కలు తెప్పిస్తే దేశవ్యాప్తంగా 8.8 లక్షలకి పైగా ఈపీలు పెండింగ్‌లో ఉన్నాయని తేలింది. వీళ్లంతా కేసు గెలిచినవాళ్లమ్మా. గెలిచి, కాగితం చేతిలో పెట్టుకుని, తమ పొలమో ఇల్లో డబ్బో రాక మళ్లీ అదే కోర్టు మెట్లెక్కుతున్నవాళ్లు. వీళ్ల గురించి మన లా జర్నల్స్‌లో వెతుకు, ఎన్ని వ్యాసాలు దొరుకుతాయో చూడు. ఆ ఆస్తి మాదని మూడోవాళ్లు వేసే క్లెయిమ్ పిటిషన్లు, అమ్మకానికి కొనేవాళ్లు రాకపోవడం, అమీనాకి పోలీసు సాయం దొరక్కపోవడం, చనిపోయిన జడ్జిమెంట్ డెటార్ (ఓడిపోయిన పక్షం) వారసుల్ని చేర్చడానికే ఏళ్లు పట్టడం, ఒక్కొక్కటీ ఒక అధ్యయనం అవుతుంది.

జడ్జీల సంఖ్య సంగతీ వదిలిపెట్టకు. లా కమిషన్ 120వ రిపోర్ట్ 1987లో పది లక్షల జనాభాకి సుమారు పదిన్నర మంది జడ్జీలున్నారు, దాన్ని 50కి పెంచాలంది. 2002లో ఆలిండియా జడ్జెస్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఐదేళ్లలో ఆ 50కి చేరాలని ఆదేశించింది. ఇప్పటికీ అందులో సగానికి కూడా చేరలేదు. జడ్జీలు పెరిగితే చాలు అన్నీ సర్దుకుంటాయని అనుకునే రకం కాదు నేను, కానీ జడ్జి, స్టెనో, కోర్టు హాలు లేనిచోట కేస్ మేనేజ్‌మెంట్ గురించి ఉపన్యాసాలు ఇవ్వడం నాకు నచ్చదు. బడ్జెట్ పుస్తకాలు చదవడం నేర్చుకో, రాష్ట్రం న్యాయశాఖకి ఎంత కేటాయించింది, అందులో ఎంత ఖర్చయింది, ఎంత మురిగిపోయింది అని. లా టీచర్లు అంకెలంటే భయపడతారు, నువ్వు భయపడకు, ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఒక స్నేహితురాల్ని సంపాదించుకో.

ఇక నీ ప్రశ్నకే వస్తాను, కమిటీ. ఏదో ఒకరోజు పిలుపు వస్తుంది, వచ్చినప్పుడు ఎగిరి గంతెయ్యకు. ముందు దాని పరిధి ఏమిటో కాగితం మీద అడుగు, ఎంత గడువు ఇచ్చారో చూడు, రిపోర్ట్ బయటపెడతారా లేదా అడుగు, అసమ్మతి నోట్ పెట్టుకునే వీలుందా అడుగు. మూడు నెలల్లో మొత్తం క్రిమినల్ ప్రొసీజర్ మార్చెయ్యాలనే కమిటీ అయితే నీ పేరు వాళ్లకి కావాలి గానీ నీ ఆలోచన అక్కర్లేదని అర్థం. మీటింగుల్లో ముసాయిదా రాసే పని ఎవరూ ఒప్పుకోరు, ఆడవాళ్లవైపు, చిన్నవాళ్లవైపు తోసేస్తారు. దాన్ని నువ్వు సంతోషంగా తీసుకో, రిపోర్ట్‌లో ఏముండాలో చివరికి నిర్ణయించేది రాసేవాళ్లే, కానీ ముసాయిదా రాసింది నువ్వని మినిట్స్‌లో ఎక్కించమను. ఒప్పుకోలేని సిఫార్సు ఉంటే రెండు పేజీలైనా సరే విడిగా రాసి జతచెయ్యమని అడుగు, మనసులో దాచుకుని సంతకం పెట్టి బయటికొచ్చాక పత్రికల్లో విమర్శించడం మాత్రం చెయ్యొద్దు.

మాధవ మీనన్ గారి జీవితం నీకు తెలుసు. బెంగళూరులో నేషనల్ లా స్కూల్ నిలబెట్టారు, కోల్‌కతాలో ఇంకోటి, ఆ తర్వాత భోపాల్‌లో నేషనల్ జుడిషియల్ అకాడమీకి తొలి డైరెక్టర్‌గా జడ్జీలకే పాఠాలు చెప్పే ఏర్పాటు చేశారు. అంతటి మనిషి సభ్యుడిగా ఉన్న, క్రిమినల్ న్యాయ సంస్కరణల కోసం వేసిన మలిమత్ కమిటీ 2003లో ఇచ్చిన రిపోర్ట్ మీద, ముఖ్యంగా నేరం రుజువు చేసే ప్రమాణాన్ని తగ్గించాలన్న సిఫార్సు మీద, ఎంత తీవ్రమైన విమర్శ వచ్చిందో కూడా చదువు. ఎంత పెద్ద పేరున్నా సిఫార్సుని దాని బలం మీదే తూచుతారు, అదే మంచి పద్ధతి.

కమిటీ లేకుండా కూడా చట్టం మారుతుందని ఇంకో ఉదాహరణ. మథుర అనే అమ్మాయి మీద పోలీస్ స్టేషన్లో జరిగిన అత్యాచారం కేసులో 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసుల్ని విడిచిపెట్టింది. మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు లా టీచర్లు చీఫ్ జస్టిస్‌కి బహిరంగ లేఖ రాశారు. తీర్పు మారలేదు. కానీ దేశంలో మహిళా సంఘాలు దాన్ని అందుకున్నాయి, 1983లో చట్టం మారింది, కస్టడీలో జరిగిన అత్యాచారం కేసుల్లో బాధితురాలు తాను ఒప్పుకోలేదని చెబితే కోర్టు అలాగే భావించాలని సాక్ష్య చట్టంలో 114ఎ వచ్చింది. ఆ లేఖ చదివి చూడు, కోపం ఉంది, కానీ ఆ కోపం ప్రతిచోటా తీర్పులోని వాక్యానికే కట్టుబడి ఉంది. సమ్మతికీ, లొంగిపోవడానికీ తేడా ఏమిటో తీర్పు పట్టించుకోలేదని చూపించారు. టీచర్ ఆయుధం అదే, దగ్గరగా చదవడం.

నువ్వూ అలాగే రాయి. ధిక్కారం భయంతో గొంతు తగ్గించుకోకు, 1971 కోర్టు ధిక్కార చట్టంలో ఐదో సెక్షన్ తేలిపోయిన కేసు మీద న్యాయమైన విమర్శని కాపాడుతుంది. తీర్పులో తప్పు ఎక్కడుందో పేరా నంబర్‌తో సహా చెప్పు, జడ్జి మనసులో ఏముందో ఊహించకు. రేపు అదే జడ్జిగారి దగ్గరికి అకాడమీలో పాఠం చెప్పడానికి వెళ్తావు, అప్పుడు నీ మొహం చూసి ఆయన 'మీ వ్యాసం చదివానమ్మా, మూడో పాయింట్ ఒప్పుకోను' అనగలగాలి. అంతవరకే ఉండాలి ఆ దూరం. మరీ దగ్గరైనా ప్రమాదమే. జడ్జీల ఇళ్లలో ఫంక్షన్లకి పిలుస్తారు, పుస్తకావిష్కరణలకి పిలుస్తారు, కొన్నాళ్లకి నువ్వు విమర్శ రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆగుతుంది. ఫుల్‌టైమ్ టీచర్‌గా నువ్వు ప్రాక్టీస్ చేయడానికి వీల్లేదు, దాన్ని లోటుగా చూస్తారు మనవాళ్లు, నేను బలంగా చూస్తాను, నీకు ఏ కోర్టులోనూ గెలవాల్సిన కేసు లేదు. ఎవరైనా డబ్బిచ్చి స్టడీ చేయించుకుంటే ఎవరిచ్చారో మొదటి పేజీలోనే రాయి.

తెలుగులో కూడా రాయి. దీన్ని నేను అన్నిటికంటే గట్టిగా అడుగుతున్నాను. హైకోర్టు తీర్పులు ఇంగ్లీషులో ఉండాలని 348వ అధికరణం చెబుతుంది, కింది కోర్టులో తెలుగు వాడకానికి చట్టం అడ్డుకాదు, అయినా ఆర్డర్లు ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తాయి. వాయిదాకి వచ్చిన ముసలాయన ఈరోజు నా కేసులో ఏం జరిగిందని గుమాస్తాని అడిగి, ఆయన చెప్పిందే నమ్మి ఇంటికెళ్తాడు. సంస్కరణ గురించి మనం రాసేది ఆయనకి తెలియకపోతే ఆయన తరఫున అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. ఈపీ అంటే ఏమిటి, కాపీ అప్లికేషన్ ఎలా పెట్టాలి, లోక్ అదాలత్‌లో రాజీ పడితే మళ్లీ అప్పీలు ఉండదన్న సంగతి, ఇవన్నీ తేలిక తెలుగులో రాయి. ప్రమోషన్ పాయింట్లు రావు, తెలుసు. పాయింట్ల కోసం ఏడాదికి ఒకటో రెండో ఇంగ్లీషు పేపర్లు జర్నల్స్‌కి పంపుతూ ఉండు, ఫీల్డ్‌వర్క్‌లోంచే అవి వస్తాయి, ఆ టెన్షన్ మరీ పెట్టుకోకు.

క్లాసుని ఎప్పుడూ చిన్న పనిగా చూడకు. 1958లో లా కమిషన్ 14వ రిపోర్ట్ అఖిల భారత జుడిషియల్ సర్వీస్ కావాలంది, 1976లో రాజ్యాంగంలో దానికి చోటు కూడా పెట్టారు, ఈనాటికీ అది రాలేదు. రిపోర్టులు అలా ఏళ్లు ఎదురుచూస్తాయి, నీ క్లాసులో కూర్చున్న పిల్ల మాత్రం కొన్నేళ్లలో మున్సిఫ్ అయి బెంచీ మీద కూర్చుంటుంది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి మూడేళ్ల ప్రాక్టీస్ మళ్లీ తప్పనిసరి చేసింది. ఆ మూడేళ్లూ డబ్బు లేని ఇంటి పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు ఎలా గడుపుతారో నాకు దిగులుగా ఉంది, జూనియర్లకి సీనియర్లు ఇచ్చేదెంతో నీకు తెలుసు. దీని మీద నువ్వు రాయాలి, నీ పాత విద్యార్థుల్నే అడిగి రాయి. ఆ పిల్లల్ని ఇప్పటినుంచే నీతోపాటు కోర్టుకి తీసుకెళ్లు, వాయిదా కారణాలు రాయించు, క్లినికల్ (ప్రాక్టికల్) పేపర్లు సిలబస్‌లో ఎలాగూ ఉన్నాయి కదా, రికార్డు పుస్తకాలు ఒకళ్లది చూసి ఒకళ్లు రాసే బదులు ఈ పనికి మార్కులు వెయ్యి.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. వేసవి సెలవులు అయ్యాక కోర్టులు తెరుస్తారు. కూర్చోవడానికి పర్మిషన్ అక్కర్లేదన్నాను, కానీ ప్రిన్సిపల్ డిస్ట్రిక్ట్ జడ్జిగారికి కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాసి, ఏం చేస్తున్నావో, ఎందుకు చేస్తున్నావో, ఎవరి పేర్లూ బయటపెట్టవనీ చెప్పడం మర్యాద. రికార్డులు చూడాలంటే ఎలాగూ కారణం చూపించి అర్జీ పెట్టుకోవాలి, ఆ ఉత్తరం అప్పుడు పనికొస్తుంది. ముసాయిదా నాకు పంపు, దిద్ది ఇస్తాను. మొదటి నెల షీట్లు కూడా పంపు, కాలమ్స్ ఎలా పెట్టావో చూస్తాను, 'ఇతర కారణాలు' అనే కాలమ్ మాత్రం పెట్టొద్దు, పెడితే సగం కేసులు అందులోకే పోతాయి.

ఆశీస్సులతో,
మీ సార్